నాలుగు వాక్యాల ప్రశంసాపత్రం నుంచి ఒక నావికుని శౌర్యాన్ని తిరిగి నిర్మించడం ఎలా?

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) దక్షిణ రాష్ట్రాలకు ఎదురుగా ఉత్తర రాష్ట్రాల నౌకాదళం తరఫున పోరాడి, ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న సాధారణ నావికుల సంఖ్య 300 దాటుతుంది. వారిలో చాలామంది గురించి ఈరోజు మనకు తేలికగా దొరికేది, పతకం ఎందుకు ఇచ్చారో చెప్పే మూడు నాలుగు వాక్యాల ప్రశంసాపత్రం ఒక్కటే. ఏ నౌక, ఏ తేదీ, ఏ పోరాటం, అతడు ఏం చేశాడు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ నాలుగు వాక్యాలను తెలుగులోకి మార్చి, ముందొక పొగడ్త, వెనకొక పొగడ్త చేర్చి, దానినే వ్యాసమని ప్రచురించడం మనలో చాలామందికి అలవాటైపోయింది. అలా రాసినప్పుడు పాఠకునికి ఒక వీరుని పేరు తెలుస్తుందే గాని, ఆ మనిషి ఆ ఉదయం ఎక్కడ నిలబడ్డాడో, అతని చేతిలో ఏముందో, అతడు అక్కడి నుంచి కదిలిపోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఈ మూడూ తెలియనంత వరకు అతని ధైర్యం కూడా మనకు నిజంగా తెలిసినట్లు కాదు.

కాబట్టి ఆ నాలుగు వాక్యాలనే పట్టుకొని, వాటి వెనుక ఉన్న పనిని, స్థలాన్ని, సమయాన్ని ఎలా వెలికితీయాలో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఉదాహరణగా ఒకే నావికుణ్ణి చివరిదాకా వెంట ఉంచుకుంటాను. అతని పేరు జాన్ లాసన్. పెన్సిల్వేనియాకు చెందిన నల్లజాతి నావికుడు. 1864 ఆగస్టు 5న దక్షిణాదిలోని అలబామా తీరాన, మొబైల్ అఖాతంలో జరిగిన యుద్ధంలో ఉత్తరాది నౌకల అధిపతి అడ్మిరల్ ఫారగట్ స్వయంగా ఉన్న హార్ట్‌ఫర్డ్ నౌకపై పనిచేశాడు. అతని ప్రశంసాపత్రం సారాంశం ఇది: శత్రువుల గుండు ఒకటి వచ్చి, నౌక లోపలి అంతస్తులో గుండ్లు పైకి లాగే మోకు దగ్గరున్న ఆరుగురినీ చంపడమో గాయపరచడమో చేసింది, లాసన్ కాలికి గాయమై, నౌక పక్కగోడకు బలంగా విసిరివేయబడ్డాడు, తేరుకున్న వెంటనే, చికిత్సకు కిందికి వెళ్లమని ఎంత చెప్పినా వినకుండా తన స్థానానికి తిరిగివచ్చి, పోరాటం ముగిసేదాకా పని చేస్తూనే ఉన్నాడు.

ముందు పతకం గురించి

ప్రశంసాపత్రాన్ని సరిగా చదవాలంటే, ఆ రోజుల్లో ఆ పతకానికి ఉన్న అర్థాన్ని ముందుగా తెలుసుకోవాలి. అయోవా సెనేటర్ జేమ్స్ గ్రైమ్స్ ప్రతిపాదించిన బిల్లుపై అధ్యక్షుడు లింకన్ 1861 డిసెంబరు 21న సంతకం చేయడంతో నౌకాదళ మెడల్ ఆఫ్ ఆనర్ ఏర్పడింది; సైన్యానికి అటువంటి పతకం వచ్చింది మరుసటి ఏడాది జూలైలోనే. నౌకాదళ చట్టం మొదట 200 పతకాలకు అనుమతి ఇచ్చింది. అవి సరంగులు, కళాసులు, కొత్తగా చేరిన నావికులు, మెరీన్ సైనికుల కోసం ఉద్దేశించినవి. నౌకాదళ అధికారులకు ఆ పతకం పొందే అర్హత 1915 వరకు లేనేలేదు. కాబట్టి నౌకాదళ పతకాల జాబితాలో అధికారులెవరూ కనిపించకపోతే వారిలో ధైర్యవంతులు లేరని అనుకోవడం పొరపాటు. 1864 అక్టోబరులో నార్త్ కరోలినాలోని ప్లిమత్ దగ్గర చిన్న పడవలో వెళ్లి, ఆల్బమార్ల్ అనే శత్రువుల ఇనుప కవచపు నౌకను ముంచివచ్చిన విలియం కుషింగ్‌కు ఈ పతకం లేదు. అతని వెంట వెళ్లిన నావికులకు ఉంది.

మరొక ముఖ్యమైన తేడా కూడా ఉంది. ఈనాడు ఆ పతకం అత్యంత అరుదైన త్యాగానికి మాత్రమే దక్కుతుంది. 1861 నాటి చట్టమైతే యుద్ధంలో చూపిన శౌర్యంతో పాటు నావికునికి తగిన ఇతర సద్గుణాలను కూడా లెక్కలోకి తీసుకుంది, పైగా అప్పటికి ఇవ్వడానికి మరో పతకమే లేదు. అందువల్ల కొన్ని ప్రశంసాపత్రాలలో ప్రత్యేకమైన ఒక ఘటన కాక, పోరాటమంతా నిబ్బరంగా పనిచేశాడన్న మాట మాత్రమే కనిపిస్తుంది. దాన్ని చూసి నిరాశపడకండి, తక్కువ చేసి రాయకండి, లేనిపోని ఘటనను కల్పించి పెంచకండి.

మనిషిని గుర్తుపట్టడం

పేరు ఒక్కదానితో ఎవరినీ గుర్తుపట్టలేము. అంతర్యుద్ధ కాలపు నౌకాదళ పతకగ్రహీతలలో జాన్ విలియమ్స్ అనే పేరున్నవారు కనీసం ముగ్గురున్నారు: ఒకరు పానీ నౌకపై, ఒకరు మోహికన్‌పై, మరొకరు కమోడోర్ పెర్రీపై పనిచేశారు. వీరిలో పానీ నౌకకు చెందిన విలియమ్స్ 1861 జూన్ చివర మథాయస్ పాయింట్ వద్ద తొడలో తుపాకి గుండు దిగినా తన పడవను వదలలేదు. జెండా కర్ర తెగిపడినప్పుడు, మిగిలిన మొదలునే జెండాతో సహా చేత్తో పట్టుకొని తోటి నౌకను చేరేదాకా నిలిచాడు. ఈ ఘనతను మోహికన్ విలియమ్స్‌కు అంటగడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్లే. అందుచేత పేరు, నౌక, హోదా, పతకం ప్రకటించిన సాధారణ ఉత్తర్వు (జనరల్ ఆర్డర్) సంఖ్య, తేదీ అనే అయిదింటినీ ఒకే కాగితంపై రాసుకున్న తరువాతే ముందుకు సాగండి. లాసన్ విషయంలో ఆ ఉత్తర్వు 45వది, 1864 డిసెంబరు 31 నాటిది.

హోదా పేర్లు తెలుగు రచయితను తరచుగా తప్పుదారి పట్టిస్తాయి. లాసన్ హోదా ల్యాండ్స్‌మన్. ఆ మాటను విని నేలపై పోరాడే సైనికుడని కొందరు రాస్తుంటారు. నిజానికి సముద్రపు పని ముందుగా తెలియకుండా నౌకలో చేరిన కొత్తవాడని దాని అర్థం. కెప్టెన్ ఆఫ్ ద టాప్ అంటే నౌకకు కెప్టెన్ కాదు, తెరచాప స్తంభం మీద పనిచేసే జట్టుకు పెద్ద. ఇటువంటి హోదాను తెలుగు చేయలేకపోతే, ఆ మాటనే ఉంచి, పక్కనే అతని పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పడం మేలు.

ఇంకొక హోదా దగ్గర ఆగి తీరాలి. 1863 డిసెంబరు 25న సౌత్ కరోలినాలో, స్టోనో నదిపై మార్బుల్‌హెడ్ నౌకలో పోరాడి పతకం పొందిన రాబర్ట్ బ్లేక్ పేరు పక్కన కాంట్రాబాండ్ అని ఉంటుంది. యుద్ధంలో స్వాధీనం చేసుకోదగ్గ శత్రువు సరుకు అని ఆ మాటకు అర్థం. 1861 మేలో వర్జీనియాలో ఉత్తరాది సేనల చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు పారిపోయి వచ్చిన ముగ్గురు బానిసలను యజమానికి తిరిగి అప్పగించకుండా ఉండడానికి అక్కడి సేనాధిపతి జనరల్ బట్లర్ ఈ చట్టపరమైన మాటను వాడుకున్నాడు. అప్పటినుంచి, బానిసత్వం నుంచి తప్పించుకొని ఉత్తరాది సేనలను చేరిన వారందరికీ అదే పేరు స్థిరపడింది. 1861 సెప్టెంబరులో నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్ వారిని చేర్చుకోవడానికి అనుమతిస్తూనే, నౌకలలో అన్నిటికన్నా చిన్న హోదా అయిన బాయ్ కన్నా మించి ఇవ్వరాదని, నెలకు 10 డాలర్లు, రోజుకు ఒక మనిషి తిండి మాత్రమే ఇవ్వాలని షరతు పెట్టాడు. మనిషిని సరుకుతో సమానం చేసిన ఆ మాట పతకాల జాబితాలో సైతం అతని పేరును అంటిపెట్టుకునే ఉంది. దాన్ని దాచకుండా, వివరణతో సహా రాయడం రచయిత బాధ్యత అని నా నమ్మకం.

ఒక నావికుడు ఫలానా రాష్ట్రానికి చెందినవాడు అని పత్రంలో ఉంటే, అది ఎప్పుడూ అతని పుట్టిన ఊరిని తెలుపుతుందని అనుకోవద్దు. అది చాలాసార్లు అతడు సేనలో చేరిన చోటును బట్టి రాసిన లెక్క. పుట్టిన చోటును చేరిక పత్రంలో విడిగా చూడాలి.

ఎక్కడ వెతకాలి

సైన్యంలో పనిచేసిన సిపాయికి అతని వివరాలన్నీ ఒకచోట చేర్చిన సేవా దస్త్రం అమెరికా జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉంటుంది. అంతర్యుద్ధ నావికులకు అటువంటిది లేదు. నావికుని జీవితాన్ని వేర్వేరు కట్టల నుంచి మీరే ఏరుకోవాలి. ఆ భాండాగారంలోని 24వ దస్తావేజుల సముదాయంలో (రికార్డ్ గ్రూప్ 24) మూడు రకాలు ముఖ్యమైనవి. మొదటివి చేరిక కేంద్రాలు వారంవారం పంపిన నివేదికలు. వాటిలో వయస్సు, పుట్టిన చోటు, ఎత్తు, కళ్ల రంగు, అంతకుముందు చేసిన పని నమోదై ఉంటాయి. రెండవవి నౌకల హాజరు పట్టికలు. ఏ నెలలో ఏ నౌకపై ఉన్నాడో అవి చెబుతాయి. మూడవది నౌక లాగ్ పుస్తకం. అందులో కాపలా వేళల వారీగా గాలి, వాతావరణం, నౌక కదలికలు, ఆ రోజు జరిగిన ఘటనలు రాసి ఉంటాయి. పింఛను దస్త్రాలు 15వ సముదాయంలో ఉంటాయి, వాటి సంగతి తరువాత చెబుతాను.

వీటికన్నా ముందు తెరవవలసినది ఒకటుంది. ఇరుపక్షాల నౌకాదళాల అధికారిక నివేదికలను, ఉత్తరాలను అమెరికా ప్రభుత్వం 1894 నుంచి 1922 వరకు 30 సంపుటాలుగా ముద్రించింది, ఆ తరువాత సూచికను కూడా వెలువరించింది. వాటి డిజిటల్ ప్రతులను ఉచితంగా చదువుకోవచ్చు. మొబైల్ అఖాత యుద్ధం మొదటి శ్రేణి 21వ సంపుటంలో ఉంది. నల్లజాతి నావికుల విషయంలోనైతే, దాదాపు 18,000 మంది పేర్లతో అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ హోవార్డ్ విశ్వవిద్యాలయం సహకారంతో రూపొందించిన జాబితా చాలా తోడ్పడుతుంది. పేరును ఒకే వర్ణక్రమంతో వెతికి, దొరకలేదని ఆగిపోకండి. చేరిక గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడని గుర్తుంచుకొని, రెండు మూడు రకాలుగా వెతకండి.

అతని చోటు, అతని పని

ఇక అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటికి వచ్చాము. లాసన్ పనిచేసిన చోటును పత్రం బెర్త్ డెక్ అంటుంది, పనిముట్టును షెల్ విప్ అంటుంది. ఈ రెండు మాటల దగ్గర ఆగకుండా ముందుకు పోయిన రచయిత చేతికి ఏమీ చిక్కదు.

హార్ట్‌ఫర్డ్ 1858లో బోస్టన్‌లో నీటిలోకి దించిన, ఆవిరి యంత్రమూ తెరచాపలూ రెండూ ఉన్న చెక్క నౌక. పొడవు సుమారు 225 అడుగులు. ఫిరంగులు పై అంతస్తులో ఉండేవి. దాని కింద ఉన్న అంతస్తే బెర్త్ డెక్. మామూలు రోజుల్లో నావికులు ఉయ్యాల మంచాలు కట్టుకొని పడుకునే చోటది. దానికీ కింద, నీటిమట్టం కన్నా లోతున, తుపాకి మందు, గుండ్లు దాచే గదులు ఉండేవి. నిప్పు సోకకుండా వాటిని అంత కింద ఉంచక తప్పదు. ఫిరంగులను అంత పైన ఉంచకా తప్పదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చేదే షెల్ విప్. కప్పీ గుండా వేసిన మోకుతో గుండును కిందినుంచి పైకి లాగి అందించే సాధనం అది. హార్ట్‌ఫర్డ్ ప్రధాన ఫిరంగుల నోటి వెడల్పు తొమ్మిది అంగుళాలు. వాటి గుండు ఒక్కొక్కటి 70 పౌండ్లకు పైగా తూగుతుంది. అంటే ముప్పై రెండు, ముప్పై మూడు కిలోల బరువు. పైన ఫిరంగి పేలినప్పుడల్లా కింద ఆరుగురు మనుషులు అటువంటి మరో బరువును లాగి సిద్ధం చేయాలి. ఆ మోకు ఆగిపోతే కాసేపటికి పైన ఫిరంగి కూడా మూగబోతుంది.

లాసన్ తిరిగి వచ్చి నిలబడింది ఆ మోకు దగ్గర. అతడు జెండా పట్టుకొని శత్రువు నౌకపైకి దూకలేదు. బయట ఏం జరుగుతోందో కనిపించని చోట, కాలి గాయంతోనే, అంతకుముందే తన పక్కనున్నవారు నేలకూలిన స్థలంలోనే మళ్లీ మోకు పట్టుకున్నాడు. నా దృష్టిలో, శత్రువును కళ్లారా చూస్తూ పోరాడడం కన్నా ఇది కష్టమైన ధైర్యం. అటువంటి మాట రాసే హక్కు మనకు రావాలంటే ముందు ఆ మోకును, ఆ గుండు బరువును, ఆ అంతస్తును పాఠకునికి చూపించి ఉండాలి.

ఆ చోటు ఎంత ప్రమాదకరమైనదో ఇతర నౌకల పత్రాలు కూడా చెబుతాయి. అదే రోజు బ్రూక్లిన్ నౌకపై గుండ్లు లాగే మోకుల దగ్గర పేలుళ్ల వల్ల మనుషులు రెండుసార్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయారని జేమ్స్ మిఫ్లిన్ అనే నావికుని ప్రశంసాపత్రంలో ఉంది. అదే నౌకకు చెందిన విలియం హెచ్. బ్రౌన్ పత్రం కూడా ఇంచుమించు అవే మాటలలో ఉంది. ఒకే నౌకపై ఒకే పని చేసినవారికి ఒకే నమూనాలో పత్రాలు రాయడం అప్పటి పద్ధతి. కాబట్టి మీ నావికుని పత్రాన్ని ఒంటరిగా చదవకండి, ఆ నౌక వారందరి పత్రాలూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. అందరిలోనూ ఉన్న వాక్యం నౌక కథ, ఒక్కరిలోనే ఉన్న వాక్యం ఆ మనిషి కథ.

గడియారంతో సరిచూడడం

చోటు తెలిసిన తరువాత ఆ పోరాటం సాగిన క్రమాన్ని గంటల లెక్కన ఒక పక్క రాసుకోండి. 1864 ఆగస్టు 5 తెల్లవారాక ఫారగట్ నాయకత్వాన నాలుగు ఇనుప కవచపు మానిటర్ నౌకలు, పద్నాలుగు చెక్క నౌకలు అఖాతంలోకి కదిలాయి. చెక్క నౌకలను జంటలుగా కలిపి కట్టారు. హార్ట్‌ఫర్డ్‌కు జతగా కట్టిన నౌక మెటకామెట్. ఏడు గంటలకు కాస్త ముందు మొదటి ఫిరంగి మోగింది. ఏడున్నర దాటాక టెకుమ్సే అనే మానిటర్ నీటిలోని మందుపాతర తగిలి, 90 మందికి పైగా మనుషులతో నిమిషాల్లో మునిగిపోయింది. ముందు నడుస్తున్న బ్రూక్లిన్ ఆగిపోగా, అఖాతపు ముఖద్వారంలో ఉన్న శత్రువుల కోట ఫోర్ట్ మోర్గన్ ఫిరంగుల ఎదుటే నౌకల వరుస చిక్కుపడింది. అప్పుడు హార్ట్‌ఫర్డ్ పక్కకు తిరిగి, మందుపాతరలున్న నీటిమీదుగానే ముందుకు దూసుకుపోయింది. ఆ తరువాత శత్రువుల చిన్న యుద్ధనౌకలతోను, చివరకు టెనెస్సీ అనే ఇనుప కవచపు నౌకతోను పోరాటం జరిగింది. పది గంటల వేళకు టెనెస్సీ లొంగిపోయింది. ఆ ఉదయం హార్ట్‌ఫర్డ్‌పై 25 మంది చనిపోయారు, 28 మంది గాయపడ్డారు. మెటకామెట్ నుంచి దింపిన ఒక పడవ, కోట ఫిరంగుల కింద, మునిగిన టెకుమ్సే నుంచి పదిమందిని కాపాడింది. ఆ పడవలోని నావికులకూ పతకాలు దక్కాయి.

ఈ క్రమంలో లాసన్‌కు గాయం తగిలిన క్షణం ఎక్కడ పడుతుంది? ప్రశంసాపత్రం ఆ గంట చెప్పదు. కోట, చిన్న యుద్ధనౌకలు, టెనెస్సీ అన్న మూడింటినీ కలిపి పేర్కొంటుందే గాని, ఆ గుండు వాటిలో దేని నుంచి వచ్చిందో తెలుపదు. కనుక టెనెస్సీ పేల్చిన గుండు అని రాస్తే కథకు నాటకీయత వస్తుంది గాని అది మన కల్పన అవుతుంది. శత్రువుల గుండు ఒకటి అని రాసి ఊరుకోవడమే సరైన పని.

రెండు పత్రాలు విభేదించినప్పుడు

ప్రశంసాపత్రానికి మూలం సాధారణంగా కెప్టెన్ నివేదిక. హార్ట్‌ఫర్డ్ కెప్టెన్ పెర్సివల్ డ్రేటన్ తన నివేదికలో లాసన్ గురించి రాసిన వాక్యాలను పతకపు పత్రంతో పోల్చి చూడండి. సంగతి దాదాపు ఒకటే, మాటల బలం మాత్రం వేరు. కిందికి వెళ్లమని సూచించారని పత్రం అంటే, బతిమాలినా వెళ్లలేదని డ్రేటన్ అంటాడు. తన స్థానానికి తిరిగివచ్చాడని పత్రం అంటే, మోకు దగ్గరికి తిరిగివెళ్లి యుద్ధమంతా అక్కడే ఉన్నాడని డ్రేటన్ పనిముట్టును పేరు పెట్టి చెబుతాడు. ఘటనకు దగ్గరగా ఉన్న మాటలు ఇవే. రెండూ దొరికినప్పుడు ముందుగా నివేదికనే ఆధారం చేసుకోండి.

ఇప్పుడు చిక్కు వచ్చే చోటు చూద్దాం. హార్ట్‌ఫర్డ్‌పైనే, అటువంటి మోకు దగ్గరే విల్సన్ బ్రౌన్ అనే మరొక నల్లజాతి నావికుడు పనిచేశాడు. అతడు మిసిసిపీలోని నాచెజ్ ప్రాంతంవాడు. అతని పైనున్న నిచ్చెనపై ఒక మనిషి గుండు దెబ్బకు ప్రాణాంతకంగా గాయపడగా, ఆ విసురుకు బ్రౌన్ నౌక అడుగుభాగంలోకి పడి స్పృహ తప్పాడు. తెలివి రాగానే మోకు దగ్గరికి తిరిగివచ్చాడు. అతని పత్రం ప్రకారం అక్కడి ఆరుగురిలో నలుగురు చనిపోవడమో గాయపడడమో జరిగింది. లాసన్ పత్రమేమో ఆరుగురినీ అంటుంది. ఇద్దరూ ఒకే జట్టువారా, వేరువేరు మోకుల దగ్గరివారా, లేక ఒకే ఘటనను ఇద్దరు రెండు విధాలుగా లెక్కపెట్టారా అన్నది ఈ రెండు పత్రాలతో తేలదు. ఇటువంటి చోట రచయితలు సాధారణంగా ఏదో ఒక అంకెను ఎంచుకొని రెండవదాన్ని మరుగుపరుస్తారు. అలా చేయకండి. రెండు అంకెలనూ, ఏది ఎవరి పత్రంలో ఉందో చెప్పి, పక్కపక్కన ఉంచండి. పొగ, అరుపులు, విరిగిన చెక్క పేళ్ల మధ్య పడినవారిని లెక్కపెట్టడం ఎంత కష్టమో పాఠకుడు తనంతట తానే గ్రహిస్తాడు.

ప్రచారంలో ఉన్న కథల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాబర్ట్ బ్లేక్ గురించి తరువాతి కాలపు రచనల్లో అతడు కెప్టెన్‌తో అన్న మాటలు, కెప్టెన్ ఇచ్చిన జవాబులు సంభాషణల రూపంలో కనిపిస్తాయి. ప్రశంసాపత్రంలో ఉన్నదైతే ఇంతే: గొట్టం లోపల చాళ్లున్న (రైఫిల్) ఫిరంగి దగ్గర పోరాటమంతా ధైర్యంగా పనిచేశాడు, శత్రువులు ఒక ఫిరంగిని, ఒక మందుగుండు బండిని వదిలి తమ స్థావరాలు విడిచిపోయారు. సంభాషణ ఎంత ముచ్చటగా ఉన్నా, దాని తొలి ఆధారం ఎక్కడిదో చూడకుండా వాడకూడదు.

రాసేటప్పుడు

సమాచారం చేతికి వచ్చాక విశేషణాలు వాటంతటవే కలంలోకి వస్తాయి. వీరవిహారం, సింహస్వప్నం, ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి వంటి మాటలు మనకు పౌరాణిక నాటకాల నుంచి, పత్రికల నుంచి వంటబట్టినవి. అవి ఎవరికి తగిలించినా అతుకుతాయి, అందుకే లాసన్ అనే ఒక్క మనిషిని చూపించలేవు. మొదటి ప్రతి పూర్తయ్యాక అటువంటి మాటలన్నీ కొట్టివేసి, ఒక్కొక్కదాని స్థానంలో ఒక వస్తువునో, ఒక కదలికనో, ఒక అంకెనో ఉంచే ప్రయత్నం చేయండి. నేను ఆ విధంగా రాసుకున్న ఒక పేరా ఇది:

"మోకు దగ్గర ఆరుగురు ఉండేవారు. 70 పౌండ్లకు పైగా తూగే గుండ్లను కప్పీ మీదుగా పై అంతస్తుకు లాగడం వారి పని. నౌక పక్కను చీల్చుకొని వచ్చిన గుండు ఒకటి ఆ జట్టును చెల్లాచెదరు చేసింది. లాసన్ కాలికి గాయమైంది, ఆ విసురుకు వెళ్లి నౌక గోడకు కొట్టుకున్నాడు. లేవగలిగిన వెంటనే, వైద్యుని దగ్గరికి వెళ్లమని తోటివారు బతిమాలారు. అతడు వెళ్లలేదు. తిరిగి మోకు పట్టుకున్నాడు, టెనెస్సీ లొంగిపోయేదాకా వదలలేదు."

ఈ పేరాలోనూ రెండు లోపాలున్నాయి. నౌక పక్కను చీల్చుకొని అన్న మాటకు నేను చూపిన పత్రాలలో ఆధారం లేదు. గుండు ఏ దారిన వచ్చిందో వాటిలో లేదు. బతిమాలినవారు తోటివారేనని కూడా ఎక్కడా లేదు, అధికారులు కావచ్చు. ఆ రెండు మాటలనూ తీసేస్తేనే పేరా నిలుస్తుంది. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలాగే వేలు పెట్టి, ఇది నాకు ఎక్కడ దొరికింది అని అడగండి. జవాబు లేని మాట ఎంత చిన్నదైనా బయటికి పోవలసిందే.

లాసన్ ఏ పక్షాన, దేనికోసం పోరాడాడో కూడా వ్యాసంలో ఒకచోట స్పష్టంగా రావాలి. ఆనాటి సైన్యంలో నల్లజాతివారిని వేరు రెజిమెంట్లలో ఉంచారు. నౌకలలో మాత్రం తెల్లవారూ నల్లవారూ ఒకే నౌకపై పనిచేశారు. అయినా హోదాల దగ్గరికి వచ్చేసరికి నల్లవారిలో చాలామంది అడుగు మెట్లమీదే ఉండిపోయారు. ఫిరంగులకు గుండ్లు, మందు అందించే లోపలి పనులలో వారు పెద్ద సంఖ్యలో ఉండడానికీ, పతకపు పత్రాలలో మోకుల ప్రస్తావన పదేపదే రావడానికీ ఉన్న సంబంధాన్ని పాఠకునికి చూపండి. అలాగే పతకం లేనివారిని మరువవద్దు. 1862 మే 13న శత్రువుల చేతిలో ఉన్న చార్ల్‌స్టన్ రేవు నుంచి వారి ప్లాంటర్ నౌకను నడిపించుకొని, తన కుటుంబంతో, తోటి బానిసలతో ఉత్తరాది నౌకలను చేరిన రాబర్ట్ స్మాల్స్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ లేదు.

యుద్ధం తరువాత

చాలా వ్యాసాలు పతకం దగ్గరే ఆగిపోతాయి. నావికుని మిగిలిన జీవితానికి పింఛను దస్త్రమే పెద్ద దిక్కు. గాయం ఎప్పుడు, ఎలా అయిందో రుజువు చేయడానికి తోటి నావికులు ఇచ్చిన వాంగ్మూలాలు, వైద్యుల పరీక్షల వివరాలు, ఇల్లు మారిన చిరునామాలు అందులో ఉంటాయి. భర్త పోయిన తరువాత పింఛను కోరిన స్త్రీ తన వివాహాన్ని, పిల్లల పుట్టుకను సాక్షులతో నిరూపించుకోవలసి వచ్చేది. అందువల్ల వేరే ఎక్కడా నమోదు కాని ఒక కుటుంబ చరిత్ర ఆ కాగితాలలో భద్రమైంది. యుద్ధంలో అయిన కాలి గాయం ముప్పై ఏళ్ల తరువాత కూలిపని చేసుకొనే మనిషిని ఎలా బాధించిందో తెలిపే కాగితాలు అవే కావచ్చు. వాటిని అడిగి తెప్పించుకొనేటప్పుడు నావికుని పేరుతో పాటు అతడు పనిచేసిన నౌకల పేర్లన్నీ ఇవ్వండి. కొందరి విషయంలో ఏమీ దొరకదు: 1864 జూన్ 19న ఫ్రాన్సు తీరంలోని షెర్బూర్ వద్ద అలబామా అనే దక్షిణాది యుద్ధనౌకను ముంచిన కియర్‌సార్జ్ నౌకపై పతకం పొందిన 17 మందిలో ఒకడైన జోకిమ్ పీస్, యుద్ధం తరువాత దస్తావేజుల నుంచి దాదాపు మాయమైపోయాడు. అప్పుడు అతని కథను యుద్ధం దగ్గరే ఆపాలి.

చివరగా సమాధి. విల్సన్ బ్రౌన్ నాచెజ్‌లోని జాతీయ శ్మశానంలో ఉన్నాడు. తాను పుట్టిన ప్రాంతానికే తిరిగి చేరాడన్నమాట. లాసన్ 1919లో చనిపోయాడు, న్యూజెర్సీలోని లాన్‌సైడ్ ఊరిలో మౌంట్ పీస్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది. మొబైల్ అఖాతంలో మోకు వదలని ఆ ఉదయం తరువాత అతడు మరో 54 ఏళ్లు బతికాడు. మీ వ్యాసంలో ఆ మూడు గంటలకు ఎన్ని పేజీలు ఇచ్చినా, ఈ 54 ఏళ్లకు దొరికిన ప్రతి కాగితానికీ ఒక్క వాక్యమైనా ఇవ్వండి.